బొట్టు పెట్టిన బోర్డు

పిల్లలకు చదువు రావాలంటే ముందు బడిలో నల్లబల్ల కనిపించకుండా చేయాలి! నమ్మరా? గద్వాల వైపు ఒక చిన్న ఊరి బడిని చూడండి. అక్కడ గట్టిగా ఉన్న గోడ ఒక్కటే. అందుకని స్మార్ట్ బోర్డును సరిగ్గా నల్లబల్ల నడుమ బిగించారు. ఇక రాయడానికి చోటు లేదు. చాక్‌పీస్ పొడికి తుమ్మే బాధ ఒక్క దెబ్బకు తీరిపోయింది!

పెద్దసారు శంకరయ్య పద్ధతి గల మనిషి. కొత్త మగ్గానికీ కొత్త ట్రాక్టరుకూ చేసినట్టే దీనికీ కొబ్బరికాయ కొట్టారు. బొట్టు పెడదామని తెరను వేలితో తాకారో లేదో, లోపలి నుంచి ఒక ఆడగొంతు "వెల్‌కమ్" అంది. సారు రెండు చేతులూ జోడించారు. అది టచ్ స్క్రీన్ అని అర్చన టీచర్ చెప్పబోయింది గాని, అప్పటికే హారతి పళ్లెం తిరుగుతోంది. ఆనాటి నుంచి చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుంటేనే లోపలికి రానిస్తారు. అయినా పిల్లలు బోర్డును ముట్టుకోకూడదు. ఎంత శుభ్రత!

మరి అర్చన టీచర్ ఈ టెక్నాలజీని తరగతిలోకి ఎలా తెచ్చింది? ఫొటోతో! బోర్డు మీద పాఠం జరుగుతున్నట్టు రోజూ పై అధికారుల వాట్సాప్ గ్రూపులో ఫొటో పడాలి. పొడుగు పిల్లలు వెనక, చిరిగిన చొక్కాలు ఇంకా వెనక. అందరూ ఒకేసారి కళ్లు తెరిచేసరికి పీరియడ్ గడిచిపోతుంది. పాఠం చెప్పే శ్రమ తప్పిందంటే మాటలా?

ఈ సుఖం జములమ్మకు అర్థం కాలేదు. ఆమె చీరలు నేసే మనిషి. మనవరాలు దీపిక మూడో తరగతి. అక్షరాలు వచ్చు, కలిపి చదవడం రాదు. "మేడం, గా టీవీ సంగతి నాకు తెల్వదు. మా పిల్ల ఈ ఏడన్న బస్సు బోర్డు సదువుతదా?" అని అడిగింది. అర్చనకు తల తీసేసినట్టయింది. ఆమెకూ అదే బెంగ.

మొన్న కరెంటు పోయింది. అర్చన ఊరికే కూర్చోవచ్చు కదా? చాక్‌పీస్ పట్టుకుని వరండా బండల మీద ఒక ఊరి పేరు రాసింది. దీపిక మోకాళ్ల మీద వంగి, అక్షరం అక్షరం మీద వేలు పెట్టింది.

"మా... న... వ... పా... డు. టీచర్, గిది మా మేనత్తోల్ల ఊరు!"

అర్చన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంకోటి రాయి టీచర్, ఇంకోటి!" అని పిల్ల కొంగు పట్టుకుంది.

అంతలో శంకరయ్య సారు ఫోనుతో పరిగెత్తుకొచ్చారు. "మేడం, మన ఫొటో రాలేదంట. సంజాయిషీ అడుగుతుండ్రు. పిల్లలను జర బోర్డు ముందల నిలబెట్టు."

"కరెంటు లేదు కద సార్!"

"ఫొటోల కరెంటు కనబడుతదా మేడం?"

ఎంత గొప్ప మాట! అర్చన అందరినీ లోపలికి పంపింది. దీపికను ముందు నిలబెట్టి, వేలు తెర వైపు చూపించమంది.

"టీచర్, దీని మీద ఏం లేదు. ఏం సదవాలె?"

"ఏం సదవకు. జర నవ్వు," అంది అర్చన, ఫోను వెనక మొహం దాచుకుని.

ఆ ఫొటోకు గ్రూపులో చప్పట్లే చప్పట్లు! దీపిక మాత్రం ఇంకో ఊరి పేరు కోసం వరండాలోకి ఉరికింది. అప్పటికే మధ్యాహ్నం అన్నాలకని బండలన్నీ కడిగేశారు. శుభ్రత అంటే ఆ బడిదే!