ముస్తాక్ భాయి చొక్కా కాజా

విక్టర్ వచ్చి భర్త కాళ్లకు కసరత్తు చేయించి పోయాక కంభం సంతకు పోయిరావాలని జహరాబీ పొద్దున్నే అనుకుంది. ఇంతలో విక్టరే ఫోన్ చేశాడు.

"అక్కా, ఈరోజు నేను రాను. అరుణ మేడం వస్తాది. భాయి చేత బడి..."

సిగ్నల్ పోయింది. జహరాబీ చెవిలో 'చేతబడి' అన్న మాటే మిగిలింది.

ఆమె భర్త ముస్తాక్ అహ్మద్ దర్జీ. పక్షవాతం వచ్చి కుడి చేయి, కాలు పడిపోయినప్పటి నుంచి పెదవి విప్పలేదు. కుట్టుమిషను మీద కప్పిన తెల్ల దుప్పటి, చీకటి పడితే ఎవరో వంగి కూర్చున్నట్టు కనిపించేది.

కాసేపటికి అరుణే ఫోన్ చేసింది. "అమ్మా, సార్ రోజూ వేసుకునే చొక్కా, ఆయన దువ్వెన, దోసెడు బియ్యం, ఒక పిండిముద్ద తీసిపెట్టండి."

"దువ్వెన కడగాల్నా?"

"వద్దు. ఎట్లుంటే అట్లే ఉండనీండి."

జహరాబీ పక్కింటికి పరుగెత్తింది. వెంకటసుబ్బులమ్మ అంతా విని గొంతు తగ్గించింది. "చొక్కా, తల వెంట్రుకలు, పిండిబొమ్మ. ఇంకేం కావాల జహరా చేతబడికి?"

రావద్దని ఫోన్ చేసి చెప్పేలోపే అరుణ వచ్చేసింది. మెత్తగా మాట్లాడే సన్నటి మనిషి. "మాటలు వినపడితే ఆయన మనసు చెదురుతుంది" అంటూ గది తలుపు వేసుకుంది. అప్పుడే కరెంటు పోయింది. బయట మబ్బు కమ్మింది.

జహరాబీ కిటికీ సందులోంచి చూసింది. మంచం మీద చొక్కా చేతులు చాచుకుని పడుకున్న మనిషిలా ఉంది. పిండిముద్ద మీద ఐదు వేళ్ల గుర్తులు. గిన్నెలో బియ్యం గలగలమంటోంది. అరుణ ఏవో అంకెలు గొణుగుతోంది. వీధిలో ఆడవాళ్లు చేరారు. ఎవరో విక్టర్‌కు ఫోన్ కొట్టారు.

లోపల కత్తెర చప్పుడైంది. ఆ వెంటనే, నెలల తరబడి వినని గొంతు. "కొయ్యొద్దు... కొయ్యొద్దు..."

జహరాబీ భుజంతో తలుపు తోసింది. వెనకున్న వాళ్లంతా ఆమె మీద పడ్డారు. బియ్యం గదంతా చిమ్మింది.

అరుణ కత్తెరతో బిత్తరపోయి నిలబడి ఉంది. ముస్తాక్ కుడి చేయి చొక్కాను బిగించి పట్టుకుని ఉంది.

"నేను కుట్టిన కాజా" అన్నాడు, మాట మాటకూ ఆగుతూ. "పెద్దది చేస్తాదంట."

"గుండీ సులువుగా పడుతుందని కాస్త కోద్దామనుకున్నానండీ. లాక్కున్నారు" అంది అరుణ. "ఆ చేత్తోనే."

జహరాబీ ఆ చేతిని చూసింది. బియ్యంలోనే కూలబడింది.

విక్టర్ బైకు దిగి లోపలికొచ్చి సంగతి తెలుసుకున్నాడు. "భాయి చేత, బడిలో పిల్లోళ్ల మాదిరి, పనులు చేపిస్తాదని చెప్తావుంటే ఫోన్ కట్టయింది అక్కా. నాది ఫిజియో. కాళ్లకు, కీళ్లకు బలం తెచ్చి నడిపించేది నేను. మేడంది ఆక్యుపేషనల్ థెరపీ, వేరే చదువు. నడిచిపోయి మిషను కాడ కూర్చున్నాక కుట్టాల గదా, అన్నం తినాల, తల దువ్వుకోవాల, గుండీ పెట్టుకోవాల. పిండి పిసకడం, బియ్యంలో వేళ్లాడించడం లెక్కపెట్టి చేపించేది అందుకే. అదంతా ఆమె నేర్పిస్తాది."

ముస్తాక్ చొక్కా వదల్లేదు. మిషను వైపు గడ్డం ఎత్తి చూపాడు. జహరాబీ లేచి వెళ్లి దుప్పటి తీసేసింది.

జనం పలచబడ్డాక వెంకటసుబ్బులమ్మ మాత్రం గడప దగ్గరే నిలబడింది. "మేడం, మా ఆయనకు చేతులు రెండూ బాగానే ఉండాయి. పని మాత్రం చెయ్యడు."

దానికింకా కోర్సు రాలేదని అరుణ చెప్పింది.