మచ్చలేని పాలన

ఒక పెద్ద అడవిలో, పులులు కూడా దప్పికైతే తప్ప దిగని లోయలో, చేపల మడుగు ఒకటి ఉండేది. దానికి అధ్యక్షుడు పర్వతాలనే కొరమీను. వైద్యుడు సోమిదేవయ్య అనే తాబేలు.

వరదల్లో ఒకనాడు అధ్యక్షులవారి బామ్మర్ది పక్క వాగు నుంచి దిగాడు. ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. వచ్చిన దగ్గర్నుంచీ రాళ్ళకు ఒళ్ళు రుద్దుకోవడమే.

"అయ్యా, ఇది తెల్లమచ్చల రోగం. కంటికి ఆనని పురుగు పని. రెండు వారాలు వేరే గుంటలో ఉంచండి," అన్నాడు సోమిదేవయ్య.

"నా బామ్మర్దిని గుంటలో పెట్టమంటావా? ఆ మాట మా ఆవిడతో నువ్వు చెబుతావా?" అన్నాడు పర్వతాలు.

వైద్యుడికి అంత ధైర్యం లేదు. బామ్మర్ది ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఆప్యాయంగా పలకరించి వచ్చాడు.

వారం తిరిగేసరికి సగం మడుగుకు చుక్కలు లేచాయి. నూకాలనే పరిగె చేప కూతురు చిట్టికైతే మొప్పల లోపల కూడా పొడిచాయి. పిల్ల ఊపిరందక నీటిపైకి తేలి నోరు తెరుస్తోంది.

"ఏదన్నా చెయ్యి బాబాయ్!" అని నూకాలు ఏడ్చింది.

సోమిదేవయ్య గట్టెక్కి, జింకలు నాకే ఉప్పుమట్టిని ఈడ్చుకొచ్చి, లోతులేని మూలలో కలిపాడు. అక్కడ ఎండకు నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. "అందరూ రెండు వారాలు ఇక్కడే ఉండండి. చుక్కలు పోయినా కదలొద్దు," అన్నాడు.

నాలుగో రోజుకు చుక్కలు రాలిపోయాయి. ప్రచార కార్యదర్శి కప్ప వెంటనే తామరాకెక్కింది.

"మచ్చలేని మడుగు! మచ్చలేని పాలన! అధ్యక్షులవారికి సన్మానం, అందరూ నడి మడుగుకు రండి!"

"అయ్యా, ఆగండి," అన్నాడు సోమిదేవయ్య. "రాలిన మచ్చ చావలేదు. బురదలో పడి, ఒక్కోటీ వందలుగా పిల్లల్ని పెడుతుంది. అవి ఈదుకుంటూ మళ్ళీ మన ఒంటికే వస్తాయి."

"కనపడేది లేదు, కనపడనిది ఉందంటావు! ఎవరికీ జబ్బు లేకపోతే నీకు పూట గడవదా?" అన్నాడు పర్వతాలు.

చేపలన్నీ కదిలాయి. సన్మానంలో ఎర్రల విందు ఉంది మరి. నూకాలు మాత్రం కదల్లేదు.

"రాకపోతే రేపటి నుంచి మేత పంచే జాబితాలో నీ పేరుండదు," అంది కప్ప.

"నా పిల్ల ఉంటే చాలు," అంది నూకాలు.

సన్మానం మూడు రోజులు సాగింది. మూడోనాడు ఉపన్యాసం మధ్యలో పర్వతాలు ఆగి, వేదిక రాయికి వీపు రుద్దుకున్నాడు. అదేదో కొత్త అభివాదం అనుకుని సభికులూ రుద్దుకున్నారు. సాయంత్రానికి ఎవరి ఒంటి మీదా ఒక్క పొలుసు ఖాళీ లేదు.

అందరూ మూలకు పరుగెత్తారు, అధ్యక్షులవారు అందరికంటే ముందు. బామ్మర్ది దారిలోనే వెల్లకిలా తేలాడు. మరో ఎనిమిది మంది కూడా మూల దాకా చేరలేదు. చిట్టి మాత్రం అప్పటికే తేరుకుని తామర కాడల మధ్య దాగుడుమూతలాడుతోంది.

ఈసారి రెండు వారాలూ ఎవరూ కదల్లేదు. ఊరికే ఉండలేక విచారణ సంఘం వేశారు.

"రోగం మళ్ళీ వస్తుందని నీకు ముందే ఎలా తెలుసు?" అని సంఘం సోమిదేవయ్యను నిలదీసింది. ఆయన నోరు తెరిచేలోపే ఉద్యోగం ఊడింది. ఆ తీర్పును పర్వతాలు ఆయన కలిపిన ఉప్పునీళ్ళలోనే మునిగి, వీపు రుద్దుకుంటూ చదివాడు.

నీతి: రోగం వస్తుందని ముందుగా చెప్పకండి, వచ్చాక మీరే తెచ్చారంటారు.