థోరా ఫ్లెట్ నొప్పిపై మండలి వారి తీర్పు

లోకంలో ఏ నొప్పయినా, నొప్పి నిర్ధారణ మండలి వారు ఉందన్న తరువాతే ఉన్నట్టు. అంతవరకు అది వట్టి పుకారు.

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో ఉండే థోరా ఫ్లెట్ పాదాల్లో ఆ పుకారు తొమ్మిదేళ్లుగా మండుతోంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ వల్ల నరాల పైపొర దెబ్బతింది. గాయం లేదు, వాపు లేదు, మంట మాత్రం ఉంది. దుప్పటి అంచు తగిలితే చాలు, ప్రాణం పోయినంత పనవుతుంది. సముద్రం అవతలి నొప్పుల క్లినిక్‌లో చేరితే కాస్త నిద్రపట్టే దారి చూపిస్తారట. అందులో చేరాలంటే మండలి ముద్ర కావాలి.

మొదటిసారి మండలి అధికారి ఫోన్ చేసి, "ఎలా ఉన్నారు?" అన్నారు.

"పర్లేదండీ, మీరెలా ఉన్నారు?" అంది థోరా. ఆ దీవుల్లో ఇంటికప్పు గాలికి ఎగిరిపోయినా అదే జవాబు. ఇంకోలా చెబితే గారాలు పోతోందనుకుంటారు. (పద్నాలుగో నిబంధన ప్రకారం మొదటి జవాబే తుది జవాబు. రెండోది ఆలోచించి చెప్పింది కనుక అబద్ధం.) దరఖాస్తు కొట్టేశారు.

అప్పీలు పెట్టుకుంటే అధికారి స్వయంగా వస్తున్నారని తెలిసింది. పక్కింటి జింటీ రంగంలోకి దిగింది.

"చెప్పవే, ఎలా ఉన్నావ్?"

"పర్లే..."

"నోర్ముయ్! బాగా లేదండీ అను."

"సిగ్గేస్తోందక్కా. బావ పడవలోంచి పడి కాలు విరిగినా 'కాస్త తడిశాను' అన్నాడుగా!"

"మీ బావకి ఫారం లేదే, నీకుంది. అను!"

వారం రోజుల సాధన తరువాత థోరాకు ఆ మాట నోరు తిరిగింది.

అధికారి అలిస్టర్ క్రంబీ గారు ఓడ దిగి, పాలిపోయిన మొహంతో గుమ్మంలోకి వచ్చారు.

"బాగా లేదండీ! అస్సలు బాగా లేదు!" అని అరిచేసింది థోరా.

"నాకూ అంతేనమ్మా," అంటూ ఆయన కుర్చీలో కూలబడ్డారు. (ప్రశ్న వేయకముందు ఇచ్చిన జవాబు చెల్లదు. తొమ్మిదో నిబంధన.)

ఆ తరువాత ఓడ కుదుపుల గురించి, తన నడుము గురించి, ఎడమ మోకాలి గురించి, హోటల్లో దిండు గురించి చెప్పారు. ఇంటికొచ్చిన మనిషి మాటకు అడ్డు తగలడం ఆ దీవుల్లో లేదు. థోరా టీ పోసింది, బార్లీ రొట్టెకు వెన్న రాసింది, అయ్యో పాపం అంది. మధ్యలో ఆయన తన ఫైళ్ల సంచీని ఆమె పాదం మీద దించారు. ఆమె పళ్లు బిగించి, "ఇంకో రొట్టె వేసుకోండి," అంది.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆయన, "అన్నట్టు, మీరెలా ఉన్నారు?" అన్నారు.

"కాళ్లు కాలిపోతున్నాయండీ. తొమ్మిదేళ్లయింది నిద్రపోయి. ఏడుపొస్తోంది," అంది థోరా. పుట్టి బుద్ధెరిగాక ఒకరితో అంత మాట అనడం అదే మొదలు. ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. తలుపు చాటున వింటున్న జింటీ కళ్లు తుడుచుకుంది.

ఉత్తరం మూడు వారాలకు వచ్చింది.

"దరఖాస్తుదారు పరాయివారి నొప్పులను యాభై నిమిషాలపాటు చిరునవ్వుతో విన్నారు. నొప్పి ఉన్న మనిషికి ఇది సాధ్యం కాదని, నొప్పి అంటే ఏమిటో స్వయంగా ఎరిగిన మా అధికారి ధ్రువీకరించారు."