మా కొట్టు ఇత్తడి మూత

సీరియళ్లలో చప్పుళ్లు మరీ ఎక్కువయ్యాయని విసుక్కునే వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఆ చప్పుళ్లే లేకపోతే సంసారమంటే ఏమిటో మనకు అర్థమయ్యేదా?

నాది గిన్నెల వ్యాపారం. గిన్నెను వేలితో కొట్టి దాని మందం చెప్పగలను. అందుకే నా మాట నమ్మండి.

ఒక సీరియల్ సౌండ్ ఇంజనీరు మా కొట్టుకొచ్చాడు. కోడలి చేతిలోంచి జారే పళ్లెం కావాలన్నాడు. స్టీలు పళ్లెం ఇచ్చాను. కింద పడేసి, విని, పెదవి విరిచాడు.

"నిజం పళ్లెంలా లేదండీ."

"నిజం పళ్లెమే కదయ్యా!"

"అదేనండీ దాంతో చిక్కు. మైకులో రేకుముక్కలా ఉంటుంది."

పద్నాలుగు పళ్లేలు సొట్టలు పోయాక, ఒక ఇత్తడి మూత అతనికి నచ్చింది. తెర మీద జారేది స్టీలు పళ్లెం, వినపడేది మా మూత. జనం మాత్రం "అచ్చం మన వంటింట్లో పడ్డట్టే ఉంది" అంటున్నారు. అసలు కన్నా నకలు మన్నిక! ఏ వ్యాపారికి ఇది చేదు?

ఇంకా లాభముంది. సీరియల్లో భార్య మాట్లాడకుండా నిలబడితే వయొలిన్ మోగుతుంది. ఎంత మొద్దు మొగుడైనా ఆవిడ మనసులో ఏదో ఉందని పసిగడతాడు. మా ఇంట్లో ఆ సదుపాయమేదీ? మొన్న నా భార్య మూడు రోజుల పాటు నాతో ఏదో చెప్పాలని చూసింది. వెనక సంగీతం లేకపోతే అది ముఖ్యమైనదో కాదో నాకెలా తెలుస్తుంది?

సోమవారం "మీతో ఒక మాట" అంది. "ఉండవే, మన మూత పడబోతోంది" అన్నాను.

మంగళవారం అదే మూత మూడుసార్లు పడింది, మూడు వైపుల నుంచి. "డాక్టరు గారు స్కానింగ్..." అని మొదలుపెట్టింది. "కథ ముందే చెప్పేయకు" అన్నాను.

బుధవారం "రేపు సాయంత్రం నాతో వస్తారా?" అని అడిగింది. "రేపు ఆసుపత్రి సీను, ఎలా కుదురుతుంది?" అన్నాను. "సరే లెండి" అని లోపలికి వెళ్లిపోయింది.

గురువారం ఆ సీను చూసి తీరాలి! మంచం చక్రాల కిర్రు, గోడ గడియారం టిక్కు, రిపోర్టు కాగితం రెపరెప. భర్త భార్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

"ఇలా రావే, ఎంత సహజంగా ఉందో చూడు" అని పిలిచాను. పలకలేదు. వంటింట్లోకి వెళ్లాను. లేదు. వీధి తలుపు దగ్గర ఆమె చెప్పులూ లేవు.

సీరియల్ అయిపోయిన చాలాసేపటికి వచ్చింది. చేతిలో స్కానింగ్ ఫిల్ములున్న పెద్ద కవరు.

"ఒక్కదానివే వెళ్లావా?"

"ఆఁ. రిపోర్టు రేపిస్తారట. డాక్టరు గారు మీవారేరీ అని అడిగారు."

"ఏమన్నావు?"

"ఇంకొకావిడ మంచం పక్కన కూర్చుని ఏడుస్తున్నారని చెప్పాను."