అంగుళానికి ఎన్ని చుక్కలు

పొద్దున్నే మామగారు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ప్రింటరు ముందు కుర్చీ వేసుకున్నారు. నలభై ఏళ్ళు స్టూడియో చీకటిగదిలో ఊరందరి ఫోటోలూ కడిగిన మనిషి. ఒక్క ఫోటో కిందా ఆయన పేరు పడలేదు. ఈ సాయంత్రం నాలుగింటికి లైబ్రరీ హాల్లో పాత ఫోటోల ప్రదర్శన. మొదటిసారి ఆయన పేరుతో ఒక నలుపు తెలుపు బొమ్మ గోడెక్కబోతోంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు కిటికీ దగ్గర తల దువ్వుకుంటుండగా తీసింది.

కోడలు ప్రింటింగ్ షాపులో పనిచేస్తుంది. నెగెటివ్‌ని కంప్యూటర్లోకి ఎక్కించింది ఆమే. అంగుళానికి ఏడువందల ఇరవై చుక్కలు చాలు, అంతకు మించితే కంటికి తేడా తెలియదని చెప్పింది. తెర మీద ఐదువేల ఏడువందల అరవై దాకా పెట్టుకోవచ్చని కనిపిస్తుంటే ఏడువందలతో సరిపెట్టుకోవడం మామగారికి పరువు తక్కువగా తోచింది.

“పెద్ద అంకె ఊరికే పెట్టరు కదమ్మా,” అన్నారు.

పెద్ద అంకే పెట్టారు. లోపల ఏదో అటూ ఇటూ పరుగెడుతోంది గానీ కాగితం మాత్రం జరిగీ జరగనట్టు జరుగుతోంది. అరగంటకు బొమ్మ నుదురు దాకా వచ్చింది. అత్తగారు వచ్చి చూసి, పాపం మెషీను ఇరుక్కుని గింజుకుంటోందనుకుని ప్లగ్గు పీకేశారు.

మామగారు మళ్ళీ మొదలుపెట్టి, ప్లగ్గు పక్కనే కాపలా కూర్చున్నారు. భోజనమూ అక్కడే అయింది. రెండున్నరకు బొమ్మ బయటికొచ్చింది. జుట్టు కాటుకలా నిగనిగలాడుతోంది. కోడలు ఫ్రేము కోసం లోపలికెళ్ళి వచ్చేసరికి మామగారు పెరట్లో తొట్టి దగ్గరున్నారు. ప్రింటు చేతికొస్తే నీళ్ళలో వెయ్యడం నలభై ఏళ్ళ అలవాటు. రెండు చేతులతో మెల్లిగా తిప్పుతున్నారు. నీళ్ళు నల్లబడుతున్నాయి, బొమ్మ తెల్లబడుతోంది.

అత్తగారు తొంగిచూశారు. “నాకు జుట్టు నెరవడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. మీరు నిమిషంలో కానిచ్చేశారు.”

పెద్ద అంకె తాగినంత తాగగా, ప్రింటరులో సిరా అడుగున కాస్తే మిగిలింది. నాలుగింటికి ఇంకా గంట ఉంది. మామగారు తొట్టి గట్టు మీద కూలబడి, తాను రావడం లేదని లైబ్రరీకి కబురు చెయ్యమన్నారు.

“మీరు చొక్కా మార్చుకోండి మామయ్యగారూ. ఈసారి అంకె నాది.”

కోడలు ఏడువందల ఇరవై పెట్టింది. ఐదు నిమిషాల్లో బొమ్మ వచ్చింది. ఆయన చెయ్యి చాచేలోగా ఫ్రేములో బిగించేసింది.

హాల్లో ఆ ఫోటో ముందుకొచ్చిన జనం అక్కడే ఆగిపోయారు. కింద ఆయన పేరు అచ్చులో ఉంది. పాత స్టూడియో యజమాని ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశాడు. ఒక్కో వెంట్రుకా విడిగా కనిపిస్తోందే, ఎన్ని చుక్కలు పెట్టావని అడిగాడు. మామగారు ఛాతీ విరుచుకున్నారు.

“ఏడువందల ఇరవై. అంతకు మించి పెట్టేవాళ్ళకి పని తెలీదండీ.”

ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టే చెప్పారు. పక్కన నిలబడ్డ కోడలు మొదటిసారి వింటున్నట్టే తలూపింది.