నూటయాభై గజాల తూటా

శనివారం పొద్దున్నే కాఫీ తాగుతూ జయరావు మాస్టారు రెండు పనులు పెట్టుకున్నారు. ఒకటి, మధ్యాహ్నం భోజనానికి వస్తున్న బావమరిది మార్కుకు బస్సు దగ్గరికి ఎదురెళ్లడం. రెండోది, ఈలోగా మూడంటే మూడు తూటాలు నింపి, తన పత్తిచేను మేస్తున్న దుప్పి సంగతి తేల్చడం. ఈ రెండు పనులూ ఒకే రోజున పెట్టుకోదగ్గవి కావని ఆయనకూ తెలుసు. ఎందుకంటే మార్కు అటవీశాఖలో ఫారెస్టరు.

వినుకొండకు ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో మాస్టారు మిషన్ బడి పిల్లలకు లెక్కలు చెబుతారు. మిషన్ నడిపిన దొరగారు సీమకు వెళ్లిపోతూ వాళ్ల నాన్నకిచ్చిన ఒంటిగొట్టం తుపాకి ఒకటి ఆయన దగ్గరుంది. అడవిపందులను తరుముకోవడానికని పంట రక్షణ లైసెన్సూ ఉంది. ఇత్తడి తూటాలు పన్నెండు. పేలినవాటిని పారెయ్యకుండా మళ్లీ మళ్లీ నింపుకోవాలి. అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ బిగించి, తుపాకిమందు పోసి, అట్టబిళ్ల అదిమి, సన్నటి నల్లని సీసపు గుళ్లు పోసి, పైన ఇంకో అట్టబిళ్లతో మూత వెయ్యాలి. ఆ బిళ్లలు ఇంట్లో పోగుపడ్డ పాత పెళ్లికార్డుల్లోంచి మాస్టారే గుండ్రంగా కొట్టుకుంటారు.

అందరి తూటాలూ నలభై యాభై గజాలకే నీరసపడతాయి. తనది నూటయాభై గజాలు పోవాలని మాస్టారి పట్టుదల. నాలుగేళ్లుగా, అంటే ఎనభైలో లైసెన్సు తన పేరుకు మారినప్పటినుంచీ, ఒక నోటుబుక్కు నిండా దానికి లెక్కలు వేశారు. బడిపిల్లల లెక్కలకు ఎప్పుడూ తప్పు పెట్టే మనిషి, తన లెక్కకు మాత్రం ప్రతి పేజీలోనూ మార్కులు వేసుకున్నారు.

అయితే పోయిన క్రిస్మస్‌కి వచ్చినప్పుడే మార్కు తేల్చి చెప్పేశాడు. "బావా, పందుల్ని బెదిరించుకో, కాదన్ను. దుప్పి మీద ఒక్క గుండు పడిందని తెలిసినా నీ లైసెన్సు రద్దు చెయ్యమని నేనే రాస్తా. నా ఉద్యోగం, మా అక్క మొహం, రెండూ చూసుకోవాలిగా." నాన్న చేతి రాపిడికి నున్నబడ్డ ఆ తుపాకి మడమను తడుముకోకుండా మాస్టారికి పొద్దు గడవదు. అది పోతుందంటే ఆయనకు నిజంగానే గుండె జారిపోయింది.

అందుకే శుక్రవారం సాయంత్రం ఇల్లాలు సంతోషకుమారి, "ఏమండీ, తమ్ముడొస్తున్నాడు, ఆ చెత్తంతా ముందుగదిలోంచి తీసెయ్యండి" అనగానే, ఆయన బుద్ధిగా మందుడబ్బా పరుపుకింద పెట్టారు. టోపీలు కోటు జేబులో వేశారు. గుళ్ల సీసాను మటుకు వంటింటి అలమరలో, పై అరలో, అచ్చం అలాంటిదే మరో సీసా పక్కన దాచారు. ఫారెస్టరన్నవాడు ఎక్కడైనా వెతుకుతాడు గానీ పోపుసామాన్లలో వెతకడని ఆయన ఊహ.

మర్నాడు పొద్దున ఏడింటికి చేను కాపలా చూసే చెంచయ్య గుమ్మంలో నిలబడి కేకేశాడు.

"మేష్టారండీ! మళ్లీ వచ్చిందండి. మొగ్గలన్నీ కొరికేస్తా ఉంది. మనిషి వెళ్లినా కదలట్లా!"

"ఎంత దూరంలో ఉందిరా?"

"గట్టుమీంచి చూస్తే నూటయాభై గజాలు ఉంటదండి."

ఆ అంకె విన్నాక మాస్టారిని ఆపడం ఎవరి తరం? మార్కు బస్సు పదకొండింటికి. నాలుగు గంటల టైముంది. వంటింట్లోకి వెళ్లి, చెయ్యి పైకి చాచి, చేతికందిన సీసా తీసుకుని గదిలోకి వచ్చి తలుపేసుకున్నారు. కొలపాత్రతో మూడు తూటాలు నింపి ఒకదాన్ని అరచేతిలో ఎగరేసి చూశారు. ఎప్పటికన్నా చాలా తేలిగ్గా ఉంది. ఇంకొకరైతే అనుమానించేవారు. మాస్టారు నోటుబుక్కు తెరిచి, 'బరువు తగ్గిన కొద్దీ దూరం పెరుగును' అన్న తన సిద్ధాంతం కింద ఎర్రసిరాతో గీత గీశారు.

సంతోషకుమారి అప్పటికి పక్కింటి పుల్లమ్మ దగ్గర కరివేపాకు అడిగి తెచ్చుకుంటోంది. ఆయన వెళ్లడం ఆవిడ చూడలేదు.

గట్టుమీద బోర్లా పడుకుని మాస్టారు గురి చూశారు. దుప్పి తాపీగా పత్తిమొగ్గ నములుతోంది. ధన్‌మని తుపాకి పేలింది. పొగ తేలిపోయాక చూస్తే దుప్పి అక్కడే ఉంది. ఒకసారి చెవి ఆడించి, ఇటు చూసి, పక్కమొక్క దగ్గరికి నడిచింది.

"ఈగ వాలినట్టు చెవి ఆడించిందండి" అన్నాడు చెంచయ్య.

"తగిలిందిరా. దూరం చేరింది, చూశావా!" అన్నారు మాస్టారు సంబరంగా.

"బావా!"

ఆ గొంతు వెనకనుంచి వచ్చింది. ఏదో లారీ ఎదురైతే ఎక్కి, గంట ముందే రోడ్డుమీద దిగిన మార్కు, చేలకు అడ్డంపడి నడిచొస్తూ మోత విన్నాడు. ఖాకీబట్టలు, చేతిలో లాఠీ, ఇంకో చేతిలో అక్కకోసం తెచ్చిన అరటిపళ్ల హస్తం. మాస్టారు లేచి నిలబడి, తుపాకిని వెనక దాచబోయారు. అది ఆయన భుజంకన్నా ఎత్తుంది.

"ఊరికే... ఖాళీ మందు పేల్చానోయ్. బెదరగొట్టడానికి" అన్నారు.

"ఖాళీదో కాదో గుళ్లు చెబుతాయి" అని మార్కు పళ్లు చెంచయ్య చేతిలో పెట్టి, చేలోకి దిగాడు. దుప్పి తల ఎత్తి ముగ్గుర్నీ చూసి, అవమానపడినట్టుగా కొండవైపు వెళ్లిపోయింది. మార్కు వరసలవారీగా వంగి వెతికాడు. ముందు ఒక అట్టబిళ్ల దొరికింది. 'బంధుమిత్ర సపరివారముగా' అని దానిమీద అచ్చు ఉంది. ఇంకో ఇరవై అడుగులు నడిచి మార్కు ఆకులమీంచి ఏదో ఏరి అరచేతిలో వేసుకుని, కళ్ల దగ్గరకు పెట్టుకుని చూశాడు. వాసన చూశాడు. ఒకటి పంటికింద వేసుకుని నమిలాడు.

"ఆవాలు!" అన్నాడు.

మాస్టారు తాను కూడా ఒకటి నోట్లో వేసుకున్నారు. ఆవగింజే. ఒక్క క్షణం ఏమీ అర్థంకాలేదు. తర్వాత అంతా అర్థమయింది. అయితే ఆయనకంటే ముందు మార్కు మాట్లాడాడు.

"దెబ్బ తగలకూడదని సీసానికి బదులు ఆవాలు పోశావా బావా? నేనేమో నిన్ను అనుమానించాను!" అతని కళ్లు చెమ్మగిల్లాయి. "రేంజరుగారికి చెబుతా. కొండకింద రైతులందరికీ నీచేత చూపిస్తా. వచ్చే నెల మీటింగులో నీకో శాలువా కప్పిస్తా చూడు!"

మాస్టారికి శాలువా వినబడలేదు. ఆవాలు తుపాకిలోకి వస్తే గుళ్లు ఎక్కడికి వెళ్లినట్టు? వంటింట్లో ఇల్లాలు ఈపాటికి పప్పుకీ చారుకీ తాలింపు వేస్తూ ఉంటుంది. చెబితే తుపాకి పోతుంది, చెప్పకపోతే బావమరిది సీసం తింటాడు. దారి పొడుగునా ఆయన అదే తూకం వేసుకుంటూ నడిచారు.

"మార్కూ, ఇవాళ హోటల్లో తినేద్దామా?"

"అక్క వండితే హోటలెందుకు?"

"పోనీ ఉపవాసముండి ప్రార్థన చేసుకుంటే ఎలా ఉంటుంది?"

"శనివారమా? నీకేమయింది బావా?"

ఇంట్లో విస్తళ్లు వేసి ఉన్నాయి. పప్పు, వంకాయకూర, చారు. సంతోషకుమారి తమ్ముణ్ని చూసి మురిసిపోతూ, "చూడరా మార్కూ, ఈ మధ్య కొట్లో దొరికే ఆవాలు ఏమన్నా ఆవాలా? నూనెలో వేస్తే ఒక్కటీ చిటపటలాడలేదు" అంది. మాస్టారు చారుగిన్నెకేసి చూశారు.

మార్కు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. "ప్రభువా, ఈ ఆహారాన్ని దీవించు. నోరులేని జీవాల మీద ఇంత దయ కలిగిన మా బావగారిని మాకు ఇచ్చినందుకు..."

"ఆమెన్!" అని అరిచారు మాస్టారు. "తినకు మార్కూ! నేను దుప్పిని చంపాలనే పేల్చా. ఆవాలని నాకు తెలీదు. గుళ్ల సీసా అలమరలో దాచింది నేనే, తీసింది పొరపాటు సీసా. ఇప్పుడా సీసం మొత్తం ఆ చారులో ఉంది. తుపాకి తీసుకెళ్లు, కానీ ముద్ద మాత్రం నోట్లో పెట్టకు."

సంతోషకుమారి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"చారులోనే కాదు, దేంట్లోనూ లేవండీ అవి. చిటపటలాడని ఆవాలు నేనెందుకు వేస్తాను? నూనెతో సహా పెరట్లో పారబోసి, ఇంకో మూకుట్లో జీలకర్రతో తాలింపు పెట్టా. ఆ మూకుడూ ఇంక పనికిరాదు, పారేస్తాలెండి."

మార్కు గరిటెతో చారు అడుగంటా కలిపి చూశాడు. జీలకర్రే. మాస్టారు తలవంచుకుని కూర్చున్నారు. చెప్పకపోయినా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. శాలువా కూడా వచ్చేది. అయినా ఆయనకు ఎందుకో పొద్దుటినుంచీ లేనంత ఆకలి వేసింది.

"ముందు భోంచేద్దాం బావా" అన్నాడు మార్కు విస్తరి దగ్గరకు లాక్కుని. "తుపాకిని సోమవారం నీ అంతట నువ్వే పోలీసుస్టేషన్లో అప్పజెప్పు. ఏడాది అక్కడుంటుంది. ఆ తర్వాత తెచ్చుకో. లైసెన్సు జోలికి నేను వెళ్లను. చెప్పి నన్ను బతికించావు కదా, ఆ మాత్రం చేస్తాను."

"బతికించడమేముంది, జీలకర్రేగా" అని సంతోషకుమారి ఇద్దరికీ చారు పోసింది.

సోమవారం మాస్టారు తుపాకిని పాత దుప్పటిలో చుట్టుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని వినుకొండ తీసుకెళ్లి అప్పజెప్పి వచ్చారు. రశీదును నోటుబుక్కులో ఆఖరి లెక్క పక్కన అంటించుకున్నారు. పది రోజుల తర్వాత చిన్న వాన పడింది. పత్తిచేను మధ్యలో ఆవమొక్కలు మొలిచాయని చెంచయ్య వచ్చి చెప్పాడు.

దుప్పి ఇప్పుడు పత్తితోపాటు వాటిని కూడా మేస్తోందట.