జూన్ పన్నెండున పుట్టిన పిల్లలు

పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు బడిలో ఎవరికీ కనబడకుండా పోవడం ఆ దేశంలో కొత్తేమీ కాదు. రాజ్యాంగం చదువు హక్కు ఇచ్చింది ఆరో ఏటి నుంచి పద్నాలుగో ఏటి దాకానే కనుక, బడి చూపు కూడా అక్కడికే ఆగుతుంది. ఇంట్లోనూ వీధిలోనూ మామూలుగానే కనబడే పిల్లలు గేటు దాటి లోపలికొస్తే మాయం. గొంతు మాత్రం వినబడుతుంది. గొంతు హాజరు కిందికి రాదని సర్క్యులర్ ఉంది.

ఎర్రగుంటపాలెం హెడ్మాస్టరు బసవయ్య పాతికేళ్లుగా ఈ పద్ధతికి అలవాటుపడ్డవాడే. అయినా ఆ ఏడు బడి తెరిచిన రోజు, తొమ్మిదో తరగతిలో "మరియకుమారి" అని పిలవగానే ఆయన పెన్ను ఆగిపోయింది. మూడో బెంచీ నుంచి "ప్రెజెంట్ సార్" అని గొంతు వచ్చింది. బెంచీ మీద ఎవరూ లేరు. నోటుబుక్కులో పేజీ ఒకటి దానంతటదే తిరిగింది.

తప్పు ఆయనదే. చేరేనాటికి ఆ పిల్లకు నాలుగున్నరేళ్లు. అప్పటికి బడిలో ఉన్నది పంతొమ్మిది మంది, ఇరవై లేకపోతే బడి మూసేయాలి. బసవయ్య పిల్ల చేతిని తల మీదుగా అవతలి చెవికి అందించి చూశాడు, అందితే ఆరేళ్లు నిండినట్టు. అందలేదు. అందిందనుకుని ఆరేళ్లు రాసి, బడి తెరిచే రోజునే పుట్టినరోజు చేసేశాడు. ఆయన రిజిస్టరులో చాలామంది జూన్ పన్నెండునే పుట్టారు. కన్నతల్లులెవరూ కాదనలేదు.

సాయంత్రం ఆ పిల్ల తల్లి దీనమ్మ వచ్చింది.

"బువ్వకాడ నిలబడితే గుడ్డు ఎయ్యట్లేదంట సార్. దానికింకా పన్నెండున్నరే. మీరు రాసిన వయసేగా, మీరే దిద్దండి."

దిద్దాలంటే పిల్ల మండల విద్యాశాఖ కార్యాలయానికి స్వయంగా రావాలి. ఆ కార్యాలయమూ బడి కిందికే వస్తుంది కనుక అక్కడా ఆమె కనబడలేదు.

"పిల్ల ఏదండీ?" అన్నాడు అధికారి.

"మీ ఎదురుగానే ఉందండీ."

"నమస్తే సార్" అంది గాలి. అధికారి మర్యాదస్తుడు, గాలికి ప్రతినమస్కారం చేశాడు.

"దిద్దొచ్చు మాస్టారూ. కానీ ఆ పిల్లకి అప్పుడు ఆరు లేవని తేలితే, ఆ ఏడు మీ బడి మూతపడ్డట్టే లెక్క. మిగతా పంతొమ్మిది మందికీ వచ్చిన అక్షరాలు వెనక్కి తీసుకోవాలి. ఆలోచించుకోండి."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడేలా ఉంది వ్యవహారం. బసవయ్య చొక్కా అంచును చిన్న చెయ్యి ఒకటి పట్టుకునే ఉంది. ఆయన అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి చెయ్యి వదిలేసింది.

మర్నాటి నుంచి మూడో బెంచీ పలకలేదు. బసవయ్యకు ఏడుపు ఆగలేదు. తన సెలవు చీటీలో మాత్రం జ్వరమని రాశాడు.

జనవరిలో మిరప కోతలప్పుడు పొలంగట్టు మీద వస్తుంటే ఆమె కనబడింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, మంటెక్కిన వేళ్లు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మాస్టారిని చూసి పని ఆపి, చేతులు కట్టుకుని నిలబడింది.

"పదమూడేళ్ల పిల్లని కూలికి పెట్టావేం?" అని మేస్త్రీని నిలదీశాడు.

"పద్నాలుగు నిండినయ్ గందా సార్. పద్నాలుగు నిండితే పనికి పెట్టుకోవచ్చని చట్టమేగా. వయసు కాయితం మీద సంతకం మీదే."

"కూర్చోమ్మా" అన్నాడు బసవయ్య, అలవాటు కొద్దీ. ఆమె మళ్లీ మిరపచెట్ల మీదికి వంగింది.

మరుసటి జూన్‌కు రిజిస్టరులో పేర్లు పంతొమ్మిదే ఉన్నాయి. బడి తెరిచిన రోజు దీనమ్మ చిన్న కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. బసవయ్య పిల్ల చేతిని తల మీదుగా అవతలి చెవి దాకా తీసుకెళ్లాడు. అందలేదు. పెన్ను మూత పెట్టేశాడు.

"ఇంకా చిన్నది దీనమ్మా. ఇప్పుడు రాస్తే దీనికీ అదే గతి."

"రాయండి సార్" అంది దీనమ్మ. "ఎనిమిదేళ్లన్నా కనపడుద్ది గందా."

బసవయ్య పెన్ను మూత తీసి, జూన్ పన్నెండు అని రాశాడు.